వెన్నెలకంటి రాఘవయ్య గారు

మన హాస్టల్‌లో చదివి హైదరాబాదు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్న యానాది, ఎరుకల అన్నయ్యలు రాత్రి షిఫ్టుకు ఎవరి అనుమతీ అడగకుండా వెళ్తున్నారు. వాళ్ల ముత్తాతలకు ఆ వీలు లేదు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. ఏ తప్పూ చేయకపోయినా, ఆ కులాల్లో పుట్టినందుకే వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు, ఊరు దాటాలంటే చీటీ. నేరాలు తగ్గించడానికట!

1897లో పుట్టిన రాఘవయ్య గారు నెల్లూరు వకీలు. ఆయనది యానాది కులం కాదు. అయినా గూడేలు తిరిగి, యానాదులను సంఘంగా కూడగట్టి, ఈ చట్టం పోవాలని పోరాడారు. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో అది రద్దయింది. 1973లో పద్మభూషణ్ అందుకున్న ఆయన 1981లో కన్నుమూశారు.

ఊళ్లో దొంగతనం జరిగితే ఇప్పటికీ ముందు మా గూడేనికే వస్తారని, సెలవులకు ఇంటికెళ్లి వచ్చిన తమ్ముళ్లు మాతో చెబుతుంటారు.