ఐక్యత కొరకు మోకరించిన బిషప్ అజరయ్య గారు



శతవార్షికోత్సవ సమయంలో మన పితరులను జ్ఞాపకం చేసుకొనుట మంచి ఆచారం. అయితే మన కోడుమూరు చుట్టుప్రక్కలకు సువార్త ఒకే త్రోవన రాలేదు. పడమటి వైపు బళ్ళారికి 1810లోనే లండన్ మిషన్ వారు వచ్చారు. ఆదోని 1953 వరకు ఆ బళ్ళారి జిల్లాలోనిదే. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు, నంద్యాలలో ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషన్ వారు పనిచేశారు. రోమన్ కతోలిక గురువులు వీరందరికంటె ముందే రాయలసీమలో తిరిగారు. వాక్యం ఒక్కటే, అది ఎక్కి వచ్చిన బండ్లు వేరు. మనమేమో వాక్యాన్ని ఇంట పెట్టుకొని, బండ్ల పేర్లను మన పేర్లుగా చేసుకున్నాము. ఈ సంగతిని తలచి జీవితాంతం బాధపడిన దైవజనుడు ఒకరున్నారు. ఆయనే దోర్నకల్ తొలి బిషప్, వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన మన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతపు వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ పల్లెలో గురువు. చాలా ఏండ్లు కనిపెట్టి ప్రార్థించిన తరువాత కలిగిన కుమారుడు గనుక శామ్యూల్ అని పేరు పెట్టారు. బాలునికి పదిహేనేండ్లయినా నిండునో లేదో తండ్రి కన్నుమూశారు. తల్లి ఎల్లెన్ గారు భక్తిలో, క్రమశిక్షణలో పెంచారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా పట్టా చేతికి రాలేదు. అయినా దేవుడు పట్టాలు చూచి పిలువడు గదా! 1895 నుండి వై.యం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. ఆమె కడవరకు ఆయన పరిచర్యలో పాలివారైనారు.

1902లో ఆయన యాళ్పాణం వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మనుషులనే సువార్తకు పంపుట చూచి సిగ్గుపడ్డారు. ఇంత పెద్ద తిరునెల్వేలి సంఘం ఆ పని ఎందుకు చేయకూడదని తోచింది. ఆ తలంపు ప్రార్థనగా మారి, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీగా, 1905లో అన్ని సంఘాలవారితో కూడిన నేషనల్ మిషనరీ సొసైటీగా రూపు దాల్చింది. ఇతరులను పొమ్మన్నవాడు తాను పోకుండా ఉండుట న్యాయం కాదని 1909లో గురువుగా అభిషేకం పొంది, నిజాము రాజ్యంలోని దోర్నకల్ చేరారు. ముప్పయి అయిదేండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొని, ఎడ్లబండిలో ఊరూరు తిరిగారు.

మరుసటి ఏడు, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల ప్రతినిధులలో మన దేశస్థులు బహు కొద్దిమంది. అజరయ్య గారు లేచి, మిషనరీలు మా కొరకు ఆస్తిని, ప్రాణాన్ని ధారపోశారు, అందుకు కృతజ్ఞులమే, కాని మాకు స్నేహితులు కూడా కావలెనని మనవి చేశారు. దొర, బంటు అనే భేదంతో ఒక్క బల్ల దగ్గర కూర్చుండలేనివారు ఒక్క శరీరమెట్లగుదురని ఆయన బాధ. సభలో కొందరికి ఆ మాట కటువుగా తోచింది. అయినా రెండేండ్లకే, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

తరువాత కృష్ణా ప్రాంతంతో పాటు మన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు కూడా ఆయన డయోసిస్‌లో చేరాయి. 1940ల నాటికి సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో ఎక్కువమంది చదువు రాని కూలిజనం. పుస్తకం పట్టలేనివారు వాక్యంతో ప్రార్థించుట ఎట్లు? అజరయ్య గారికి ఇది పెద్ద చింత. అందుచేత ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, బైబిలు కథలు నోటికి నేర్పించే పద్ధతిని గట్టిగా అమలు చేయించారు. కీర్తనలు, భజనలు ప్రోత్సహించారు. పొద్దుగూకి కూలిపని నుండి వచ్చినవారు దీపం వెలుగున ఉపదేశకుని చుట్టూ చేరి వాక్యం విని, విన్నదానినే ప్రార్థనగా తిరిగి దేవునికి చెప్పుకొనేవారు. బాప్తిస్మం పొందినవారు తలపై చేయి పెట్టుకొని, సువార్త చెప్పుట తమ భారమని ఒప్పుకొనేవారు. ఆయన మాత్రం తెల్లవారకముందే లేచి, బైబిలు ఎదుట పెట్టుకొని మోకరించేవారు. పగటి పనికి బలం ఆ చీకటి వేళే దొరికేది.

మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను గూర్చి ఆయన పల్లెల్లో హెచ్చరించేవారు. పేద గృహిణి కూడా వండుకొనే ముందు పిడికెడు గింజలు దేవునికి తీసిపెట్టవలెనని నేర్పించారు. ఇచ్చే చెయ్యి పరువుగల చెయ్యి అని వారికి తెలియాలని ఆయన కోరిక.

ఐక్యత సంగతికి వస్తే, ఆయనకు అది రెండు కంచెల సమస్య. ఒకటి మిషన్ల కంచె, రెండవది కులం కంచె. మాలపల్లె నుండి వచ్చినవారు, మాదిగపల్లె నుండి వచ్చినవారు, ఇతర కులాల నుండి వచ్చినవారు ఒక్క పాత్రలో ప్రభువు సంస్కారం పుచ్చుకొనవలెనని ఆయన పట్టుబట్టారు. విదేశాలలో పుట్టిన చీలికలను మన పల్లెకు దిగుమతి చేస్తే అవి ఇక్కడి కులాలకు తోడై మరింత గట్టిపడతాయని ఆయన గ్రహించారు.

1919 మే నెలలో తరంగంబాడిలో, అనగా 1706లో జీగెన్‌బల్గు దిగిన ఆ సముద్రతీరంలోనే, వేర్వేరు సంఘాల గురువులు ముప్పయి ముగ్గురు కూడుకున్నారు. సౌత్ ఇండియా యునైటెడ్ చర్చికి చెందిన శాంతియాగో గారితో కలిసి అజరయ్య గారు దీనికి పూనుకున్నారు. వారు చేరినది సువార్త పనిని గూర్చి ఆలోచించుటకు. వాక్యం ఎదుట ప్రార్థనలో ఉండగా, మన చీలికలే సువార్తకు అడ్డమని వారికి స్పష్టమైంది. అట్లు ఐక్యతా ప్రకటన వెలువడింది. 1925లో మెథడిస్టు సంఘం వారు కూడా చర్చలలో చేరారు. 1927లో స్విట్జర్లండులోని లొజాన్ మహాసభలో, ఐక్యత పాశ్చాత్యులకు కోరదగిన సంగతి కావచ్చు గాని మాకు మాత్రం బ్రతుకు సమస్య అని ఆయన విన్నవించారు.

చర్చలు ఇరవై ఎనిమిదేండ్లు సాగాయి. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని గురువుల పరిచర్య చెల్లునా, చెల్లదా అన్నదే ప్రధానమైన చిక్కుముడి. ఉన్న గురువులందరినీ ఉన్నట్లే అంగీకరించి, ముందు ముందు జరిగే అభిషేకాలు బిషప్పుల ద్వారా జరుగవలెనని చివరకు తీర్మానమైంది. ఎన్నోసార్లు అడ్డంకులు కలిగినా ఆయన విసుగక, ఐక్యతా పథకాన్ని వివరిస్తూ పుస్తకం వ్రాశారు. ఈలోగా దోర్నకల్‌లో ఎపిఫనీ కెథీడ్రల్ లేచింది. గుమ్మటాలు, మీనార్లు, మంటపం తీరు స్తంభాలు కలిసిన ఆ దేవాలయాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అన్ని తీరులూ ఒక్క కప్పు క్రింద చేరి దేవుని స్తుతించవచ్చునని ఆ రాళ్ళు నేటికీ చెబుతున్నాయి.

1945 జనవరి 1న అజరయ్య గారు దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. మోషే వలె ఆయన వాగ్దాన దేశం వెలుపలనే ఆగిపోయారు.

ఇక్కడ మనలను నొప్పించే సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఆయన డయోసిస్‌లోనిదే అయిన నంద్యాల ప్రాంతంలో వేలాదిమంది ఆంగ్లికన్ విశ్వాసులు 1947లో ఆ ఐక్యతలో చేరలేదు. తరువాత కొందరు, మరికొంత కాలానికి మరికొందరు, అట్లు దశలవారీగా చేరారు. వారిని నిందించుట మన పని కాదు. తమ పితరులు ఇచ్చిన ఆరాధన క్రమాన్ని, గురువులతోగల అనుబంధాన్ని వదలుకొనుట ఎవరికైనా కష్టమే. ఐక్యత తీర్మానాలతో పుట్టదు, ఒకరి కొరకు ఒకరు ఓర్చుకొనుటతో పుడుతుందని మన ప్రాంత చరిత్రే మనకు నేర్పుచున్నది.

ప్రియులారా, యోహాను సువార్త 17వ అధ్యాయం మన ప్రభువు స్వయంగా చేసిన ప్రార్థన. ఆయన సిలువకు పోకముందు మన ఐక్యతను గూర్చి తండ్రిని వేడుకొన్నారు. అజరయ్య గారు తన పని అంతటినీ ఆ ప్రార్థనలో భాగంగానే ఎంచారు. మనం కూడా నెలకొకసారి, వేరు సంఘపు పొరుగింటివారిని మన ఇంటికి పిలిచి, ఏ మిషన్ అని అడుగకుండా, ఆ అధ్యాయాన్ని కలిసి చదివి, దానినే ప్రార్థనగా చేయలేమా? ఆయన నిద్రించినది కొత్త సంవత్సరపు దినమున. డిసెంబరు 31 రాత్రి కోడుమూరులో ఎన్ని గుడులలో గంటలు మ్రోగునో మనకు తెలుసు. ఆ రాత్రి మన గుడిలో మోకరించినప్పుడు అవతలి గుడివారి పేర్లు కూడా మన ప్రార్థనలో చేరితే, ఆ దైవజనునికి మనం చేయగల జ్ఞాపకార్థం అంతకంటె వేరొకటి లేదు. దేవుడు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.