హాన్స్ ఆండర్సన్

డెన్మార్కు దేశమున ఓడెన్స్ అను పట్టణము కలదు. అచ్చట 1805వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన ఒక పేద ఇంట హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టి జీవించువాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి నాలుగు డబ్బులు సంపాదించునది. వారి ఇల్లంతయు ఒక్కటే గది. అయినను తండ్రి కుమారుని చేరదీసి అరేబియా కథలు చదివి వినిపించుచుండెను. బొమ్మలాట ఆడుకొనుటకు ఒక చిన్న రంగస్థలమును కూడ చేసి ఇచ్చెను.

హాన్స్ రూపము చూపరులకు వింతగొలుపుచుండెను. వయస్సునకు మించిన పొడవు, బక్కపలుచని దేహము, పెద్ద ముక్కు, చిన్న కన్నులు. అతడు తోటి బాలురతో కలిసి ఆడక, ఇంట కూర్చుండి బొమ్మలకు దుస్తులు కుట్టుచుండెను. 1816లో తండ్రి మరణించెను. హాన్స్ కొంతకాలము బట్టల కర్మాగారమునకు పనికి పోయెను. అతని సన్నని కంఠమును విని అచ్చటివారు ఆడపిల్లయని గేలిచేసిరి. బాలుడు ఏడ్చుచు ఇల్లు చేరెను.

1819లో, పదునాలుగవ యేట, నటుడు కావలెనను కోరికతో అతడు కొద్దిపాటి పైకము మూటగట్టుకొని ఒంటరిగా రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమునకు బయలుదేరెను. నాటకశాల అధికారి అతనిని చూచి, రంగస్థలమునకు తగనంత సన్నగా ఉన్నాడనెను. జీతమిచ్చినచో తాను తప్పక లావెక్కుదునని హాన్స్ తడుముకొనక బదులు చెప్పెను. ఆ అధికారికి ఆ మాట రుచింపలేదు. హాన్స్ గాయకుడు కాదలచెను, గొంతు మారిపోయెను. నాట్యము నేర్వబోయెను, అదియు ఫలింపలేదు.

జోనాస్ కొలిన్ అను పెద్దమనిషి అతని బుద్ధిబలమును గుర్తించి, ప్రభుత్వ ధనసహాయముతో 1822లో పాఠశాలకు పంపెను. పదునేడేండ్ల పొడగరి హాన్స్ చిన్న పిల్లల నడుమ బల్లపై కూర్చుండి అక్షరదోషములు దిద్దుకొనవలసివచ్చెను. ప్రధానోపాధ్యాయుడు అతనిని నిత్యము అవహేళన చేయుచుండెను. ఆ సంవత్సరములు తన జీవితమున మిక్కిలి చీకటివని హాన్స్ పిమ్మట చెప్పుకొనెను. అయినను చదువు విడువలేదు. 1828లో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షయందు కృతార్థుడయ్యెను.

1835లో పిల్లల కథలను చిన్న పుస్తకముగా ప్రకటించెను. నాటినుండి జీవితాంతము వరకు 150కి పైగా కథలు వ్రాసెను. వానిలో 1843లో వెలువడిన అందవికారమైన బాతుపిల్ల కథ లోకప్రసిద్ధము. బాతుల గుంపులో పుట్టిన ఒక పిల్ల రూపమున వేరుగా ఉన్నందున అందరును దానిని పొడిచి తరిమిరి. అది చలికాలమంతయు ఒంటరిగా బాధలుపడి, వసంతకాలమున నీటిలో తన నీడను చూచుకొని తాను హంసనని తెలిసికొనెను. ఆ కథ తన జీవితమునకు ప్రతిబింబమని ఆండర్సన్ తెలిపెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఆ పిల్ల బాతులలో నున్నప్పుడును హంసయే. బాతులు తమ కొలతతో దానిని కొలిచినవి గనుక అది వికారముగా తోచినది. కథలోని హంసవలె ఆండర్సన్ సుందరుడు కాలేదు. ఆ ముక్కు, ఆ పొడవు కడవరకును అట్లే ఉండెను. పరిహాసము అతనిని ఎల్లప్పుడును నొప్పించుచునే ఉండెను. కాని ఆ నొప్పికి లొంగి అతడు మూల దాగలేదు. పిల్లల నడుమ కూర్చుండి, కత్తెరతో రంగు కాగితములను హంసలుగా, నర్తకులుగా కత్తిరించుచు కథలు చెప్పెను. ఛాయాచిత్రకళ క్రొత్తగా వచ్చిన ఆ దినములలో, అతడు వెనుదీయక వందకు పైగా ఛాయాచిత్రములు తీయించుకొనెను.

1867 డిసెంబరులో ఓడెన్స్ పట్టణము అతనిని గౌరవ పౌరునిగా స్వీకరించెను. ఆనాడు పాఠశాలలకు సెలవిచ్చిరి. రాత్రి వీధులన్నియు దీపములతో వెలిగెను. ఒకప్పుడు ఏడ్చుచు ఇల్లు చేరిన బాలునికొఱకే ఆ దీపములు. 1875 ఆగస్టు 4వ తేదీన ఆండర్సన్ కన్నుమూసెను. అతని జన్మదినమును 1967 నుండి అంతర్జాతీయ బాలల పుస్తక దినముగా జరుపుచున్నారు.

బాలబాలికలారా! రూపము మనము కోరి తెచ్చుకొన్నది కాదు. దానికై సిగ్గుపడ పనిలేదు. తోటివాని ముక్కును, రంగును, పొడవును చూచి నవ్వబోవునపుడు, ఆ బాతుల గుంపును ఒక్కసారి తలచుకొనుడు.