పదవిని వీడి ఆయుధ సంపదను కూర్చిన సాలార్‌జంగ్

మేడారం: కాకతీయ సేనలతో పోరాడిన సమ్మక్క వెన్నుపోటుకు గురై, నెత్తురోడుతూ చిలకలగుట్టపై అదృశ్యమైందని గిరిజనుల వీరగాథ. గద్దెపై ఆ తల్లికి కుంకుమ భరిణే ప్రతీక. ఆ గాథకు భక్తుల విశ్వాసమే ఆధారం. అయితే పాత కాలపు కత్తి ఎవరిదో తేల్చడానికి విశ్వాసం చాలదు, సాక్ష్యం కావాలి. అటువంటి పరిశీలనకు నోచుకునే ఆయుధ సంపదను తెలంగాణకు మిగిల్చిన వ్యక్తి మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్.

ఆయన 1889 జూన్ 13న పుణెలో జన్మించారు. నెల తిరగకుండానే తండ్రి మరణించారు. 1912లో, 23 ఏళ్ల వయసులో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ప్రధానమంత్రి అయ్యారు. 1914లో పదవిని వీడి, శేష జీవితాన్ని కళాఖండాల సేకరణకే అంకితం చేశారు. దేశ విదేశాల వ్యాపారులు హైదరాబాద్‌లోని దివాన్ దేవిడికి తరలివచ్చేవారు. ఖడ్గాలు, కఠారులు, పిడిబాకులు, డాళ్లు, కవచాలు ఆయన సేకరణలో చేరాయి.

వాటిలో పచ్చరాతి పిడిబాకు జహంగీరుదని, పండ్లు కోసే కత్తి నూర్జహాన్‌దని ప్రసిద్ధి. విలుకాని బొటనవేలి ఉంగరంపై మాత్రం షాజహాన్ బిరుదే చెక్కి ఉంది. పేరుకూ రుజువుకూ ఉన్న తేడా ఇదే. పాత అలుగుకు కొత్త పిడి బిగించడం, ధర కోసం ప్రముఖుల పేర్లు చెక్కించడం ఆయుధ వ్యాపారంలో పాత మోసాలు. అందుకే నిపుణులు ఉక్కులోని అలల చారలు లోహంలో సహజంగా ఏర్పడినవా, పైపైన ఆమ్లంతో గీసినవా అని చూస్తారు. పిడి, అలుగు ఒకే కాలానివా, లిపి ఆ కాలానికి తగినదా అని పరీక్షిస్తారు.

అవివాహితుడైన సాలార్‌జంగ్ 1949 మార్చి 2న కన్నుమూశారు. నేరుగా సంతానం లేకపోవడంతో సేకరణ చెల్లాచెదురయ్యే ప్రమాదం ఏర్పడింది. ఒక్కసారి వేలంలో విడిపోతే ఏ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఆధారమే తెగిపోయేది. ప్రభుత్వం కల్పించుకోవడంతో ఆ ముప్పు తప్పింది. 1951 డిసెంబర్ 16న నెహ్రూ దివాన్ దేవిడిలో మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో సేకరణ మూసీ తీరాన దారుల్‌షిఫాలోని నేటి భవనానికి చేరింది. పదవిలో రెండేళ్లే ఉన్న ఆ ప్రధాని పేరు ఆయన కూడబెట్టిన సంపదతోనే నిలిచింది.