రామమోహన్ రాయ్, మార్ష్‌మన్, యెహోవా నామం

మూసాపేట, భరత్‌నగర్, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో వారాంతాల్లో జరిగే బైబిలు స్టడీలకు హైటెక్ సిటీ కంపెనీల్లో పనిచేసే యువతీయువకులు చాలామంది వస్తారు. ఆఫీసులో పక్క సీటు మిత్రుడు అడిగిన ప్రశ్నను వాళ్లు వెంటబెట్టుకొని వస్తుంటారు. పాత నిబంధనలో దేవునికి ఉన్న బిరుదులను మీరు యేసుకు ఎలా ఇస్తున్నారు? యెహోవా అని యేసును ఎవరు పిలిచారు? ఈ ప్రశ్న కొత్తదేమో, ఇంటర్నెట్ తెచ్చిపెట్టిందేమో అని కొందరు పెద్దలు కంగారు పడుతున్నారు. కొత్తదేమీ కాదు. రెండు వందల ఏళ్ల క్రితమే మన దేశంలో ఒక బ్రాహ్మణుడు దీన్ని లేవనెత్తాడు. హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని మరీ వాదించాడు. స్కూలు పుస్తకంలో సతీసహగమనం పాఠం పక్కన తలపాగాతో కనిపించే రాజా రామమోహన్ రాయ్ ఆయనే. ఆయన జీవితంలో ఈ భాగం మన సంఘాల్లో దాదాపు ఎవరికీ తెలియదు.

రామమోహన్ బెంగాల్‌లోని రాధానగర్ గ్రామంలో పుట్టాడు. పుట్టిన సంవత్సరం 1772 అని కొందరు, 1774 అని కొందరు అంటారు. పట్నాలో పారసీ, అరబీ చదివాడు. దేవుడు ఒక్కడే, ఆయనకు సాటి లేదు అన్న మాట అక్కడే ఆయన మనసులో నాటుకుంది. తరువాత సంస్కృతం, ఉపనిషత్తులు. విగ్రహారాధన విషయంలో ఇంట్లోనే గొడవలు వచ్చాయి. ముప్ఫై ఏళ్ల వయసులో ఏకేశ్వరవాదం మీద పారసీలో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. ఈస్టిండియా కంపెనీ అధికారి జాన్ డిగ్బీ దగ్గర రంగపూర్‌లో పనిచేస్తూ ఇంగ్లీషు పట్టుబడేదాకా చదివాడు. ఆ ఉద్యోగం మానుకొని కలకత్తాలో స్థిరపడి, 1815లో ఆత్మీయ సభ పెట్టాడు. ఉపనిషత్తులను బెంగాలీలోకి, ఇంగ్లీషులోకి తెచ్చాడు. పండితులు మండిపడ్డారు. మద్రాసు నుంచి శంకరశాస్త్రి అనే పండితుడు పత్రికలో ఖండిస్తే, 1817లో దానికీ జవాబు వ్రాశాడు.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, రామమోహన్ క్రైస్తవుల మీద పగబట్టి వచ్చినవాడు కాదు. దేవుని మహిమను మరొకరికి ఇవ్వకూడదని ముందు తన ఇంటివారితో, తన కులంవారితో పోరాడాడు. అదే ప్రశ్న తరువాత మనల్నీ అడిగాడు. ప్రశ్న వెనక ఉన్నది ఎగతాళి కాదు, భయభక్తులు. దీన్ని గుర్తించకపోతే ఆ తరువాత జరిగినదేదీ అర్థం కాదు.

1820లో ఆయన నాలుగు సువార్తల నుంచి యేసు ప్రభువు బోధలను ఏరి, ఒక పుస్తకంగా కూర్చాడు. అద్భుతాలు, సిద్ధాంత భాగాలు చాలావరకు వదిలేశాడు. కొండమీది ప్రసంగం, ఉపమానాలు, ప్రేమను గూర్చిన ఆజ్ఞలు ఉంచాడు. మనిషి దేవునితోను పొరుగువానితోను సరిగా నడవడానికి ఇవి చాలునన్నది ఆయన ఉద్దేశం. పుస్తకం అచ్చయింది కలకత్తా బాప్తిస్టు మిషన్ ప్రెస్‌లోనే. ఒక హిందువు తన సొంత ఇష్టంతో క్రీస్తు బోధలను తనవారికి పంచిపెట్టడం అంతకు ముందు ఎన్నడైనా జరిగిందా? మిషనరీలు సంతోషించవలసిన రోజు అది.

సంతోషించలేదు. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్‌లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ ఉండేవారు. తెలుగువారమైన మనకు ఆ ఊరితో బాకీ ఉంది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే అచ్చయ్యాయి. 1812 అగ్నిప్రమాదంలో తెలుగు అచ్చు అక్షరాలు కాలిపోతే, మళ్లీ పోతపోసి పని సాగించిన మనుషులు వారు. మార్ష్‌మన్ ఇంగ్లండులో ఒక నేతగాని కొడుకు, బడిపంతులు. భారతదేశంలో కూర్చొని బైబిలు మొత్తాన్ని చైనా భాషలోకి అనువదించిన పట్టుదల ఆయనది. క్రీస్తు మరణాన్ని, దైవత్వాన్ని పక్కనపెట్టి బోధలు మాత్రం చాలుననడం సువార్తను సగం చేయడమేనని ఆయనకు తోచింది. తమ ఫ్రెండ్ ఆఫ్ ఇండియా పత్రికలో విమర్శ వచ్చింది. విమర్శలో తప్పులేదు. కాని పుస్తకం కూర్చినవాణ్ణి అన్యుడని పేరుపెట్టి వ్రాశారు. విగ్రహాలను విడిచి, ఒక్క దేవునికోసం సొంతవారితో తెగతెంపులు చేసుకున్న మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుందో, ఆ ఏడాదే ఆయన ప్రకటించిన మొదటి విన్నపంలో కనబడుతుంది. వాదం మొదలుకాకముందే ఒక తలుపు మూసుకుంది.

మార్ష్‌మన్ దీర్ఘంగా జవాబిచ్చాడు. 1821లో రామమోహన్ రెండవ విన్నపం వెలువడింది, 1823లో చివరి విన్నపం. ఈ మూడేళ్లలో వాదం ఎక్కువగా తిరిగింది పాత నిబంధన చుట్టూనే. మార్ష్‌మన్ పద్ధతి ఇది: ఆదికాండం నుంచి మలాకీ వరకు నడుస్తూ, దేవుని నామాలు మెస్సీయకు ఇయ్యబడిన చోట్లన్నీ చూపించడం. 45వ కీర్తనలో రాజును దేవా అని సంబోధించడం, యెషయా 9వ అధ్యాయంలో పుట్టబోయే శిశువుకు బలవంతుడైన దేవుడన్న పేరు, యిర్మీయా 23వ అధ్యాయంలో దావీదు చిగురుకు యెహోవాయే మన నీతి అన్న పేరు. ఇలా వరుసగా.

రామమోహన్ ఒక్కొక్కదాన్ని తీసుకొని హెబ్రీ మూలం దగ్గరికి వెళ్లాడు. దేవుడని మనం అనువదించే ఎలోహీం అనే మాట పాత నిబంధనలో మనుషులకూ వాడబడింది అన్నాడు. నిర్గమకాండం 7వ అధ్యాయంలో మోషే ఫరోకు దేవునిగా నియమింపబడ్డాడు. 82వ కీర్తనలో న్యాయాధిపతులు దేవుళ్లనబడ్డారు, ఆ వచనాన్ని యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసే ఎత్తి చూపాడు. 45వ కీర్తన మొదట సొలొమోనుకు, యెషయా మాట మొదట హిజ్కియాకు చెందుతాయన్నాడు. ఇక యిర్మీయా? అదే ప్రవక్త 33వ అధ్యాయంలో అదే పేరును యెరూషలేము పట్టణానికి పెట్టాడు. పట్టణం దేవుడవుతుందా అని రామమోహన్ ప్రశ్న.

మేము నిజాయితీగా చెప్పాలంటే, ఇక్కడ రామమోహన్‌దే పైచేయి. ఒక పేరులో దేవుని నామం ఉన్నంత మాత్రాన ఆ పేరుగలవాడు దేవుడైపోడు. ఏలీయా అన్న పేరుకు యెహోవా నా దేవుడని అర్థం. ఏలీయా యెహోవా కాడు. ఇవాళ కూడా మన బోధకులు కొందరు బిరుదుల జాబితా చదివి, వాదం గెలిచామనుకొని బైబిలు మూసేస్తారు. ఎదుటివాడు యిర్మీయా 33 తెరిచిన రోజున ఆ జాబితా నిలబడదు.

అయితే బిరుదులతోనే కథ ముగిసిందా? లేదు. పాత నిబంధనను మనం తెలుగులో చదివేటప్పుడు యెహోవా అని చదువుతాం, కొత్త నిబంధనలో ప్రభువు అని చదువుతాం. అవి రెండు వేర్వేరు మాటలని మన చెవికి తోస్తుంది. యూదులు ఆ నాలుగక్షరాల నామాన్ని భక్తితో పలకకుండా, దాని బదులు అదొనాయ్, అంటే ప్రభువు అని చదివేవారు. పాత నిబంధన గ్రీకు అనువాదంలోనూ ఆ చోట కురియొస్, అంటే ప్రభువు అనే మాటే మనకు అందింది. అపొస్తలులు వ్రాసినది గ్రీకులో. యోవేలు 2వ అధ్యాయంలో యెహోవా నామమున ప్రార్థించువారికి రక్షణ ఉందన్న మాటను పౌలు రోమా 10వ అధ్యాయంలో ప్రభువు నామమని వ్రాసి, యేసు గురించి చెబుతున్నాడు. యెషయా 40లో అరణ్యములో మార్గం సిద్ధపరచవలసినది యెహోవాకు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఆ మార్గాన నడిచి వచ్చినది యేసు. యెషయా 45లో, నేను తప్ప వేరొక దేవుడు లేడని గట్టిగా చెప్పిన అధ్యాయంలోనే, ప్రతి మోకాలు తనకే వంగునని యెహోవా ప్రమాణం చేస్తాడు. ఫిలిప్పీ 2లో ఆ మోకాళ్లు యేసు నామమున వంగుతున్నాయి. ఇక్కడ ఇచ్చినది పేరు ఒక్కటే కాదు. యెహోవా ఎవరికీ ఇవ్వనన్న ఆరాధన అది. మోషేకు గాని యెరూషలేముకు గాని ఎవరూ అలా మోకాలు వంచలేదు. మా దృష్టిలో వాదం నిలవవలసిన నేల ఇదే.

రామమోహన్ మూల సమాధానం ఒక్కటే: యేసుకు ఉన్న అధికారమంతా తండ్రి ఇచ్చినది, ఇచ్చినవాడు గొప్పవాడు, పుచ్చుకున్నవాడు ఆయనకు లోబడినవాడు. సువార్తల్లో దానికి ఆధారం లేకపోలేదు. యోహాను 5వ అధ్యాయంలో కుమారుడు తనంతట తాను ఏమీ చేయలేడని ఉంది. అయితే తండ్రిని ఘనపరచినట్లే కుమారుని ఘనపరచాలని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. రెండు మాటలనూ కలిపి పట్టుకోవడం కష్టం. సంఘం 325లో నికయలో కూర్చున్నదీ ఆ కష్టం వల్లనే.

ఈ మధ్యలో మరో సంఘటన. బాప్తిస్టు మిషనరీలు విలియం యేట్స్, విలియం ఆడం రామమోహన్‌తో కలిసి సువార్తలను బెంగాలీలోకి అనువదిస్తున్నారు. యోహాను సువార్త ఆరంభంలో సమస్తం వాక్యము వలన కలిగిందా, వాక్యము ద్వారా కలిగిందా? గ్రీకులో ఒక చిన్న విభక్తి మాట. వలన అంటే వాక్యమే కర్త. ద్వారా అంటే దేవుడు వాక్యమును సాధనంగా వాడుకున్నాడన్న అర్థానికి చోటుంది. ద్వారా అన్నదే సరైనదని రామమోహన్, ఆడం పట్టుబట్టారు. యేట్స్ తప్పుకున్నాడు. 1821లో ఆడం త్రిత్వ విశ్వాసాన్నే విడిచి యూనిటేరియన్ అయ్యాడు. ఆడం రెండోసారి పడిపోయాడని కలకత్తాలో క్రైస్తవులు నవ్వుకున్నారు. మాకు నవ్వు రాదు. మూలభాష విషయంలో ఆడం పొరబడలేదు. ద్వారా అన్నంత మాత్రాన క్రీస్తు దైవత్వం పోదని, హెబ్రీ పత్రిక, కొలస్సయులకు వ్రాసిన పత్రిక అదే మాట వాడి కూడా ఆయనను ఎత్తుగానే నిలిపాయని ఓపికగా చెప్పినవాడు ఆ గదిలో లేకపోయాడు.

చివరి విన్నపం అచ్చువేయడానికి బాప్తిస్టు ప్రెస్ ఒప్పుకోలేదు. రామమోహన్ ధర్మతలాలో సొంత ప్రెస్ పెట్టుకొని వేయించాడు. ఆ ఏడాదే డాక్టర్ టైట్లర్ అనే ఆంగ్లేయుడితో రామదాస్ అన్న మారుపేరుతో కలహం పెట్టుకొని, అవతారాన్ని నమ్మే హిందువులూ క్రైస్తవులూ ఒక పక్షమే కదా, కలిసి ఉందాం రండి అని వెక్కిరిస్తూ వ్రాశాడు. భద్రాచల రామదాసును తలచుకునే మనకు ఆ పేరు ఎంపికలోని కొంటెతనం ఇట్టే తెలుస్తుంది. గాయపడిన మనిషి వెక్కిరింత అది.

అయినా ఆయన శత్రువు కాలేదు. 1828లో బ్రహ్మసమాజం స్థాపించాడు. కందుకూరి వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు గార్ల ద్వారా దాని వెలుగు మన ప్రాంతానికీ వచ్చింది. సతీసహగమనం మీద రామమోహన్, శ్రీరాంపూర్ మిషనరీలు ఒకే వైపు నిలబడ్డారు. 1829 డిసెంబరు 4న దాన్ని నిషేధించిన చట్టాన్ని బెంగాలీలోకి మార్చినవాడు కేరీ. ఆదివారం ప్రసంగం మరొకరికి అప్పగించి, ఆలస్యమైతే ఇంకెందరు విధవలు కాలిపోతారోనని ఆ రోజే ముగించాడు. 1830లో స్కాట్లండు మిషనరీ అలెగ్జాండర్ డఫ్ బడి పెట్టడానికి చోటు దొరక్క తిరుగుతుంటే, చోటు చూపించినవాడు రామమోహన్. బడిలో బైబిలు చదవడానికి పిల్లలు జంకితే, చదివి మీరే తేల్చుకోండని ధైర్యం చెప్పినవాడూ ఆయనే.

ఆ ఏడాది నవంబరులో మొగలు చక్రవర్తి ఇచ్చిన రాజా బిరుదుతో ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. బ్రిస్టల్ దగ్గర స్టేపుల్టన్‌లో యూనిటేరియన్ స్నేహితుల ఇంట జబ్బుపడి, 1833 సెప్టెంబరు 27న చనిపోయాడు. ఒంటిమీద జంధ్యం అలాగే ఉంది. క్రైస్తవ శ్మశానంలో పాతిపెట్టవద్దని ముందే చెప్పి ఉంచాడు గనుక, ఆ ఇంటి తోటలోనే చెట్ల కింద సమాధి చేశారు. ఎవరూ గట్టిగా ప్రార్థన చదవలేదు. పదేళ్ల తరువాత ద్వారకానాథ్ టాగూర్ ఆ శరీరాన్ని ఆర్నోస్ వేల్ శ్మశానానికి మార్పించి, పైన బెంగాలీ పద్ధతిలో ఒక మండపం కట్టించాడు. మార్ష్‌మన్ 1837 డిసెంబరులో శ్రీరాంపూర్‌లో కన్నుమూశాడు.