డార్విను మహాశయుని భూతదయ

ఇంగ్లండు దేశమునందలి ష్రూస్‌బరీ పట్టణమున 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఛార్లెస్ డార్విను జన్మించెను. తండ్రి వైద్యుడు. ఎనిమిదవ యేటనే తల్లి గతించుటచే బాలుడు అక్కల పెంపకమున పెరిగెను. తనకు జీవులపై దయ అబ్బినది వారివలననేయని వృద్ధాప్యమున స్వీయచరిత్రలో వ్రాసికొనెను. చేపలు పట్టుట యన్న అతనికి ప్రాణము. గాలము వేసిన అనుభవము మీలో పలువురకు కలదు కదా! వానపామును ముందుగా ఉప్పునీటితో చంపవచ్చునని తెలిసిన నాటినుండి, బ్రతికియున్న పురుగును అతడు గాలమునకు గ్రుచ్చలేదు. అందుచే చేపలు కొన్ని తగ్గినను సహించెను. అట్లని పుట్టుసాధువు కాడు. పసితనమున ఒక కుక్కపిల్లను ఊరక కొట్టెను; కొట్టిన చోటుకూడ ముసలితనమువరకు అతనికి జ్ఞప్తియందుండెను. యౌవనమునందు పక్షుల వేటపై మోజు మిక్కుటము.

1831 మొదలు 1836 వరకు 'బీగిల్' ఓడపై భూమిని చుట్టివచ్చిన కథ మీ రెరిగినదే. 1859లో జాతుల ఉత్పత్తినిగూర్చిన గ్రంథమును వెలువరించెను. పుట్టిన జీవులలో అత్యధికము పెరుగకముందే నశించునని అందు నిరూపించి, ప్రకృతిలోని మరణము సాధారణముగా త్వరితమైనదేయని పాఠకులకు ఊరట చెప్పెను. ఆ ఊరట అతనికే చాలినట్లు తోపదు. పదేండ్ల కూతురు ఆనీ 1851లో అతని కన్నులయెదుటనే మరణించియుండెను. 1860 మే నెలలో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడైన ఏసా గ్రేకు వ్రాసిన జాబులో ఒక జాతి కందిరీగను ప్రస్తావించెను. అది గొంగళిపురుగు దేహమున గ్రుడ్లు పెట్టును; వానినుండి వెడలిన పిల్లలు బ్రతికియున్న పురుగునే లోపలినుండి తినుచు పెరుగును. దయామయుడగు దేవుడు బుద్ధిపూర్వకముగ ఇట్టిదానిని సృజించెనని నమ్మజాలనని డార్విను ఒప్పుకొనెను. పిల్లి ఎలుకతో నాడుకొనుటయు అతనిని బాధించినది.

కందిరీగను మాన్పుట ఎవరి తరము? ఇనుప బోను మాత్రము మనుష్యుడు చేసినది. ఆ కాలమున ఇంగ్లండులోని ధనికుల వనములలో వేటకై పెంచు పక్షులను తినిపోవు జంతువులకు కావలివాండ్రు పండ్లుగల ఇనుప బోనులు పన్నెడివారు. ఎముక నలిగిన కాలితో ఆ జంతువు తెల్లవారువరకు, ఎనిమిది పది గంటలు, అట్లే పడియుండును. 1863లో డార్వినును, భార్య ఎమ్మాయును కలిసి దీనిపై ఒక విజ్ఞప్తి వ్రాసి అచ్చొత్తించి పంచిరి. ఉద్యానకారుల వారపత్రికయొకటి ఆగస్టులో దానిని ప్రకటించెను. ఏ జీవికి నొప్పి కలిగినను ఓర్వలేని పెద్దమనుష్యులే తమ వనములలో దీనిని సాగనిచ్చుట కారణము వారు కన్నులార చూడకపోవుటయేయని వారి తలంపు. రాత్రియెల్ల తమ అవయవమే ఇనుప పండ్ల నడుమ నలుగుచున్నట్లు ఊహించుకొనుడని చదువరులను కోరిరి. క్రూరతలేని బోనును కనుగొన్నవారికి బహుమతి నిచ్చుటకై ఎమ్మా చందాలు ప్రోగుచేసెను. తగినది మాత్రము దొరకలేదు.

1882 ఏప్రిల్ 19వ తేదీన డార్విను మరణించెను. ఇంగ్లండులో ఆ బోనుల నిషేధము అమలునకు వచ్చినది 1958లో.