శ్రామికుల అండ – ఫ్రాన్సెస్ పెర్కిన్స్

మనం ధరించే వస్త్రంలో, ప్రయాణించే రైలులో, నివసించే ఇంటిలో ఎందరో శ్రామికుల చెమట ఉంది. ఒక్కొక్కప్పుడు వారి నెత్తురు కూడా ఉంటుంది. పని చేస్తూ చేయి పోగొట్టుకున్న కార్మికునికి అన్నం పెట్టే బాధ్యత ఎవరిది? యంత్రంలో పడి మరణించినవాని భార్యాబిడ్డలకు దిక్కెవరు? ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఈ ప్రశ్నలకు అనేక దేశాలలో సరైన సమాధానం లేదు. ఆ సమాధానం కోసం జీవితమంతా కృషి చేసిన వారిలో అమెరికా దేశానికి చెందిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ముఖ్యురాలు.

ఫ్రాన్సెస్ 1880 ఏప్రిల్ 10న బోస్టన్ నగరంలో జన్మించింది. ఆమె బాల్యం మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో గడిచింది. తండ్రి కాగితాలు, పుస్తకాలు, రాతసామగ్రి అమ్మే వ్యాపారి. మధ్యతరగతి కుటుంబం. ఆడపిల్లలకు ఉన్నతవిద్య అరుదైన ఆ కాలంలో ఆమె మౌంట్ హోలియోక్ కళాశాలలో చేరి, భౌతికశాస్త్రం ప్రధానాంశంగా 1902లో పట్టభద్రురాలయింది. అక్కడి ఆర్థికచరిత్ర అధ్యాపకురాలు విద్యార్థినులను సమీపంలోని కర్మాగారాలకు పంపి, కార్మికుల స్థితిగతులను స్వయంగా చూచి రమ్మనేది. పేదరికానికి సోమరితనమూ, దురలవాట్లే కారణమని నమ్మే ఇళ్ళలో పెరిగిన ఆ యువతులకు అదొక కనువిప్పు. నిజాయితీగా కష్టపడే కుటుంబం కూడా ఇంటి యజమాని ఒక్కసారి గాయపడితే వీధిన పడుతుందని ఫ్రాన్సెస్ గ్రహించింది.

తరువాత షికాగో సమీపంలో ఉపాధ్యాయినిగా పనిచేస్తూ, జేన్ ఆడమ్స్ నెలకొల్పిన హల్ హౌస్ అనే సేవాసంస్థలో పేదల నడుమ మెలగింది. 1910లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎ. పట్టా పొంది, ఆ నగరంలోనే వినియోగదారుల సంఘానికి కార్యదర్శి అయింది. కర్మాగారాలలోని పనిగంటలను, అగ్నిప్రమాదాల నుండి రక్షణ ఏర్పాట్లను పరిశీలించడం ఆమె విధులలో భాగం.

ఆ రోజులలో గాయపడిన కార్మికుడు పరిహారం పొందాలంటే యజమానిపై దావా వేసి, ప్రమాదానికి యజమాని నిర్లక్ష్యమే కారణమని రుజువు చేయాలి. యజమానికి మాత్రం మూడు రక్షణ కవచాలుండేవి. ప్రమాదంలో కార్మికుని పొరపాటు ఏ కొంచెం ఉన్నా పరిహారం లేదు. తోటి కార్మికుని పొరపాటు వల్ల గాయపడినా యజమానికి బాధ్యత లేదు. పనిలో ప్రమాదముందని తెలిసే చేరాడు గనుక, ఆ ప్రమాదాన్ని కార్మికుడు ముందే అంగీకరించినట్లు భావించేవారు. ఈ మూడింటినీ దాటి గెలిచేవారు బహు కొద్దిమంది. గెలిచినా, తీర్పు వచ్చేనాటికి కుటుంబం అప్పులపాలయ్యేది.

అప్పటికే జర్మనీలో 1884లోను, బ్రిటన్‌లో 1897లోను కార్మిక పరిహార చట్టాలు వచ్చాయి. వాటి బాటలోనే న్యూయార్క్ రాష్ట్రం 1910లో ప్రమాదభరితమైన వృత్తులకు ఒక చట్టం చేసింది. తప్పు ఎవరిదైనా, పనిలో గాయపడినవానికి యజమాని పరిహారం ఇవ్వాలన్నది దాని సారాంశం. కాని తప్పు చేయని యజమాని చేత సొమ్ము కట్టించడం అతని ఆస్తిహక్కుకు భంగమని భావించి, 1911 మార్చి 24న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేసింది.

ఆ మరునాడే న్యూయార్క్ నగరంలో ఘోరం జరిగింది. మార్చి 25, శనివారం సాయంకాలం, పది అంతస్తుల భవనం పై మూడు అంతస్తులలో ఉన్న ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో మంటలు లేచాయి. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపునకు తాళం వేసి ఉంది. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరో అంతస్తు వరకే అందాయి. వెలుపలి ఇనుప మెట్లు బరువుకు కూలిపోయాయి. మంటలకు తాళలేక పలువురు కిటికీల నుండి దూకారు. మొత్తం 146 మంది మరణించారు. వారిలో అధికసంఖ్యాకులు ఇటలీ, తూర్పు ఐరోపా దేశాల నుండి వలస వచ్చిన పేద యువతులు. సమీపంలో ఒక మిత్రురాలి ఇంట తేనీటి విందులో ఉన్న ఫ్రాన్సెస్ కేకలు విని పరుగెత్తుకు వచ్చింది. కళ్ళెదుటే మనుషులు నేలరాలుతుంటే నిస్సహాయంగా చూస్తూ నిలబడింది. అప్పుడామె వయస్సు ముప్పై సంవత్సరాలు. ఆ దృశ్యం ఆమెను జీవితాంతం వెంటాడింది.

కర్మాగారపు యజమానులు నేరవిచారణలో నిర్దోషులుగా విడుదలయ్యారు. మృతుల బంధువులు వేసిన దావాలు 1914లో రాజీపడగా, ఒక్కొక్క ప్రాణానికి దక్కింది 75 డాలర్లు మాత్రమే. మనిషి ప్రాణానికి నాటి చట్టం కట్టిన విలువ అది.

దుఃఖం కన్నీటితో ఆగిపోకూడదని ఫ్రాన్సెస్ నిశ్చయించుకుంది. ప్రజల ఆందోళన ఫలితంగా 1911లోనే రాష్ట్ర ప్రభుత్వం కర్మాగారాల విచారణ సంఘాన్ని నియమించింది. రాబర్ట్ వాగ్నర్ దానికి అధ్యక్షుడు. ఆల్ఫ్రెడ్ స్మిత్ ఉపాధ్యక్షుడు. ఫ్రాన్సెస్ ఆ సంఘానికి తోడ్పడుతూ శాసనసభ్యులను స్వయంగా కర్మాగారాలకు తీసుకొనిపోయింది. రాత్రంతా పనిచేసి తెల్లవారుజామున అలసి వచ్చే స్త్రీలను చూపించింది. అగ్నిప్రమాదంలో బయటపడే మార్గమని యజమానులు చెప్పిన ఇరుకు కంతలోనుండి వాగ్నర్ చేతనే పాకించింది. వెలుపల మంచు పేరుకున్న నిచ్చెన తప్ప మరేమీ లేదు. నూరు నివేదికలు చదివినా కలగని జ్ఞానం ఆ కొద్ది నిమిషాలలో కలిగింది. తరువాతి సంవత్సరాలలో తలుపులకు తాళాలు వేయరాదని, మంటలను ఆర్పే ఏర్పాట్లు ఉండాలని, యంత్రాలకు రక్షణ కవచాలు అమర్చాలని నిర్దేశిస్తూ ముప్పైకి పైగా చట్టాలు వచ్చాయి.

పరిహార చట్టం కూడా తిరిగి ప్రాణం పోసుకుంది. న్యాయస్థానం అడ్డు చెప్పినందున ప్రజలు 1913 నవంబరులో ఓటు వేసి రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. 1914 జూలై 1 నుండి క్రొత్త చట్టం అమలయింది. 1917లో అమెరికా సుప్రీంకోర్టు కూడా దానిని సమర్థించింది. ఈ చట్టం వెనుక ఒక ఒడంబడిక ఉంది. కార్మికుడు యజమానిపై దావా వేసే హక్కును వదులుకుంటాడు. అందుకు బదులుగా, తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా వైద్యమూ, జీతంలో కొంత భాగమూ పొందుతాడు. యజమాని బీమా చేయాలి. ప్రమాదాలు పెరిగితే బీమా ఖర్చూ పెరుగుతుంది గనుక, భద్రత పాటించడం యజమానికే లాభమవుతుంది.

చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. అది పేదవాని గడప దాకా చేరాలి. 1919లో గవర్నరైన ఆల్ఫ్రెడ్ స్మిత్ ఫ్రాన్సెస్‌ను రాష్ట్ర పారిశ్రామిక సంఘంలో సభ్యురాలిగా నియమించాడు. పరిహార చట్టం అమలును చూసే బాధ్యత ఆ సంఘానిదే. అప్పటికామె ఒక బిడ్డకు తల్లి. భర్త పాల్ విల్సన్ మానసిక వ్యాధికి గురికావడంతో సంసారభారం ఆమెపైనే పడింది. సంపాదించే చేయి ఆగిపోతే ఇల్లు ఏమవుతుందో ఆమెకు స్వానుభవంతో తెలుసు. 1929లో గవర్నర్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆమెను రాష్ట్ర కార్మికశాఖకు అధిపతిని చేశాడు.

1933లో రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడై ఆమెను కార్మికశాఖ మంత్రిగా ఆహ్వానించాడు. ఆమె వెంటనే అంగీకరించలేదు. వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ బీమా, ప్రమాద పరిహారం, కనీస వేతనం, బాలకార్మిక నిర్మూలన మొదలైన లక్ష్యాలను అతని ముందుంచి, వాటికి మద్దతు లభించిన తరువాతే పదవి స్వీకరించింది. అమెరికా మంత్రివర్గంలో తొలి మహిళ ఆమెయే. 1935లో సామాజిక భద్రతా చట్టం, 1938లో కనీస వేతనాలను, పనిగంటలను నిర్ణయించే చట్టం ఆమె కృషి ఫలితంగా వచ్చాయి. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ వ్యాధిపై 1936లో జాతీయ సదస్సు జరిపించింది. యంత్రం చేసే గాయమే కాక, కంటికి కనిపించని ధూళి చేసే గాయమూ ప్రభుత్వం పట్టించుకోవలసినదేనని దాని ఆంతర్యం.

నిందలు కూడా తప్పలేదు. 1939లో ఆమెను పదవి నుండి తొలగించాలని ప్రతినిధుల సభలో అభిశంసన తీర్మానం ప్రవేశపెట్టారు, అది నెగ్గలేదు. ఆమె చలించక 1945 వరకు, పన్నెండేళ్ళ పైన పదవిలో కొనసాగింది. చివరి సంవత్సరాలలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ 1965 మే 14న కన్నుమూసింది. వాషింగ్టన్‌లోని కార్మికశాఖ భవనానికి 1980లో ఆమె పేరు పెట్టారు.

మన దేశంలోనూ 1923లో కార్మిక పరిహార చట్టం చేయబడి, 1924 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. పరిహారం యజమాని వేసే భిక్ష కాదు, శ్రమించినవాని హక్కు అన్న భావం దానికీ మూలం. అయితే హక్కు ఉన్నదని తెలియనివానికి చట్టం ఉన్నా లేనట్లే. రేపు పనిచేసే చోట మూసిన తలుపు కనిపిస్తే తెరిపించగలగడం, గాయపడిన సహోద్యోగికి అతని హక్కును తెలియజేయగలగడం చదువుకున్నవారి కర్తవ్యం. ఆ మంటల ముందు నిలబడిన నాడు ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఎవరినీ కాపాడలేకపోయింది. కాని ఆనాటి నిస్సహాయతను ఆమె మరువలేదు. అందువల్లనే తరువాతి తరాలలో ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఎన్నో ఇళ్ళలో పొయ్యి ఆరకుండా వెలిగింది.