ఆక్స్‌ఫర్డునందు తెలుగు ఆచార్యుడు

1936వ సంవత్సరమున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల తెలుగు బాలుడు నిజాము సర్కారు బడిలో పై తరగతులు చదువదలచినచో, ఇంట మాటలాడు భాషను గుమ్మముకడ విడిచి ఉర్దూలో చదువవలసి యుండెను. ఆ యేటనే తెలుగు కుటుంబమున బుట్టిన పండితు డొకరు ఆంగ్లేయుల విద్యాపీఠమగు ఆక్స్‌ఫర్డున గురుస్థానము నలంకరించిరి. వారే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నిలిపి చూచుట నేటికిని మన కవసరము.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో సామాన్య కుటుంబమున జన్మించిరి. తిరుపతి, వేలూరు, చెన్నపురముల మిషను విద్యాలయములలో చదువుచు, హిందూమతముపై అచటివారు చేయు ఆక్షేపణలను చెవులార వినిరి. విని కోపించి యూరకుండలేదు. తమ మతమున నిలువదగిన దేది, విడువదగిన దేది యని పరిశోధింప బూనిరి. వారి జీవితమున కదియే మలుపు.

1926లో ఆక్స్‌ఫర్డు మాంచెస్టరు కళాశాలలో హిందూ జీవన దృష్టిని గూర్చి ఉపన్యసించిరి. 1929లో అచటనే వివిధ మతముల తారతమ్యమును బోధించిరి. 1931 మొదలు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైసు చాన్సలరుగా నుండి, 1936లో స్పాల్డింగు దొర విరాళముతో నెలకొల్పబడిన ప్రాచ్యమత నీతిశాస్త్ర పీఠమునకు ప్రథమాచార్యులైరి. వారిని సభ్యునిగా జేర్చుకొనిన ఆల్ సోల్సు కళాశాలలో పట్టమునకై చదువు బాలురు లేరు, పండితులే యుందురు. అచట బోధన యేటికి మూడు విడతలు, విడతకు ఎనిమిది వారములు మాత్రమే. తలపాగాను, పొడవైన అంగీని వీడక, పూర్వము తమ మతము నాక్షేపించినవారి దేశముననే, వారి భాషలోనే, ఉపనిషత్తుల యర్థమును విప్పి చెప్పిరి. ప్రాచ్యమతములను, పాశ్చాత్య చింతనను గూర్చిన వారి గ్రంథము యుద్ధ మారంభమైన 1939లోనే వెలువడెను. ఆ యేటనే కాశీ హిందూ విశ్వవిద్యాలయ భారమును వహించిరి.

ఇంగ్లీషున ఇంతటి ప్రావీణ్యము గలవారు, 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘమున కధ్యక్షులై యేమని సూచించిరి? ఉన్నత విద్యలో ఇంగ్లీషు స్థానమున దేశభాషలు వీలైనంత త్వరగా రావలెనని. పిమ్మట 1962 మొదలు 1967 వరకు రాష్ట్రపతిగా నుండి, 1975 ఏప్రిలు 17న పరమపదించిరి.

నేడు మన పట్టణములలో బిడ్డకు తెలుగు వ్రాయరాదని చెప్పుకొని మురియు తలిదండ్రులు లేకపోలేదు. నాడు సర్కారు బలవంతమున పోయిన భాషను నేడు మనచేతులార పోగొట్టుకొనుట న్యాయమా? పరభాషను నేర్వవలసినదే, అది మన సొమ్మును పరులకు చూపుటకు. ఇంట సొమ్మే లేనివాడు పరదేశమున నేమి చూపగలడు?